ఉప్పుకుప్పల మీద గ్రహమాత

1964 ఫిబ్రవరి 11, మంగళవారం

ఏటా జనవరిలో ఉప్పు ఆఫీసువాళ్లిచ్చే డైరీని ఈయన తెచ్చి నా చేతికివ్వడం, నేను దాన్ని బీరువాలో పెట్టడం మామూలే. ఇంటి జమాఖర్చుకు నాకు వేరే పుస్తకం ఉంది. అందులో పప్పుకూ పాలకూ చందాకూ ఒక్కొక్క గడి ఉంది. ఈ రోజు జరిగినదానికి ఏ గడీ లేదు. అందుకని దీన్ని బయటికి తీశాను.

పొద్దున మద్రాసు నుంచి లారీలు వచ్చి మా క్వార్టర్సుకు ఎదురుగా, ఉప్పు పండించి కుప్పలు పోసే కొటారు దగ్గర ఆగాయి. రేకులు, చెక్కలు, తాళ్లు, పెద్ద పెద్ద దీపాలు దించారు. ఆఖరిన ఒక తెల్లదొరను దించారు. కాసేపటికి గొడుగు పట్టుకుని ఒకాయన మా గుమ్మంలోకి వచ్చాడు. పేరు పద్మనాభయ్యట. సొంతూరు బుచ్చిరెడ్డిపాలెమే గాని మద్రాసు స్టూడియోలో మేనేజరుగా స్థిరపడ్డాడట. సామాను పెట్టుకోవడానికి మా వరండా కావాలన్నాడు.

సినిమావాళ్లకు ఇవ్వం, మేం చర్చి సంఘంలో ఉన్నవాళ్లం అన్నాను.

"సినిమా కాదమ్మా. టెలివిజన్."

అదేమిటో ఆయన చాలాసేపు చెప్పాడు. రేడియో లాంటి పెట్టె ఇంట్లోనే ఉంటుంది, దానికి ఒక అద్దం, ఆ అద్దంలో బొమ్మలు కదులుతాయి. లండన్‌లో ఇంటింటా ఉందట. వారానికి అరగంట చొప్పున ఒకే కథ నెలల తరబడి నడుస్తుందట. ఆ దొర తీసే ఈ కథ పేరు 'ఇద్దరు చంద్రుల లోకం'. భూమి మీది మనుషులు వేరే గ్రహానికి పోతారు. ఆ గ్రహం మా కృష్ణపట్నం ఉప్పు కొటారు. తెల్లటి కుప్పలన్నీ అక్కడి కొండలు.

ఇన్నేళ్లుగా కిటికీ తీస్తే కనిపించేది గ్రహమని నాకు తెలియదు. వరండా ఇచ్చాను.

ఫిబ్రవరి 13, గురువారం

వాళ్ల వంటమనిషికి జ్వరం. ఒక్క పూట కూర వండిపెట్టమని పద్మనాభయ్య అడిగాడు. వంట చేయకూడదని సంఘ నిబంధనల్లో లేదు. మాగాయ వేసి చేపల పులుసు పెట్టాను. దొర కళ్ల నీళ్లు కారుస్తూ తిని, మళ్లీ వడ్డించమని పళ్లెం చాపాడు. రేపు కూడా నేనే.

వడ్డించడానికి పోయినప్పుడు వాళ్ల విమానం చూశాను. ముందు నుంచి చూస్తే వెండి చేపలా ఆకాశంలోకి ఎగరబోతున్నట్టుంది. వెనక్కి పోయి చూస్తే ఏమీ లేదు. చెక్కలు, మేకులు, ఒక ఎద్దుబండి చక్రాలు. అది దిగేటప్పుడు ఉప్పు కూలీలు తాళ్లు పట్టుకుని లాగుతారు. కింద సాంబ్రాణి పొగ వేస్తారు. గ్రహం మీద విమానం దిగితే మా చర్చిలో క్రిస్మసునాటి వాసన.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఈ రోజు నవ్వీ నవ్వీ పక్కలు నొప్పి పుట్టాయి.

భూమి మనుషులు ముగ్గురు గాజు టోపీలు పెట్టుకుని కుప్పల మధ్య భయం భయంగా నడుస్తున్నారు. కెమెరా తిరుగుతోంది. ఆ సమయంలో మస్తానమ్మ బర్రె తాడు తెంపుకుని గ్రహం మీదికి వచ్చింది. మస్తానమ్మ కొటారులో ఉప్పు లాగే మనిషి, మాకు పాలు పోసేదీ ఆమే. అందరూ కేకలు వేశారు గాని దొర చెయ్యెత్తి ఆపి, బర్రె చుట్టూ ఒకసారి తిరిగి, దానికి వెండి రంగు వేయమన్నాడు. కొమ్ములకు రేకు తొడిగారు. ఇప్పుడది ఆ లోకపు జంతువు.

"నా బర్రెకు గూడా వేషం కట్టినారక్కా" అంది మస్తానమ్మ పాలు తెచ్చినప్పుడు. "ఇంకది నా మాట ఇంటదా? అప్పుడే చుట్టూ చూస్తా నడస్తా ఉంది."

కాఫీలో రంగు వాసన వచ్చింది. ఈయనకు చెప్పలేదు. బాగుందని తాగారు.

ఫిబ్రవరి 20, గురువారం

గ్రహమాత వెళ్లిపోయింది. ఆ లోకాన్ని ఏలే ముసలి రాణి వేషానికి మద్రాసు నుంచి తెచ్చిన ఆమెకు ఉప్పు గాలికి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. నెల్లూరులో రైలెక్కించి వచ్చారు. ముసుగు మిగిలింది, ఆమె ఎత్తు మనిషి లేదు.

మా పుట్టింటి ఆడవాళ్లమంతా పొడుగు.

పద్మనాభయ్య సాయంత్రం వచ్చి వరండాలో నిలబడి గొడుగు ముడవడం, తెరవడం చేశాడు. నేను ముందే లేదన్నాను. బాప్తిస్మమప్పుడు ప్రమాణం చేశాను. సినిమాకు, నాటకానికి పోను, వేషం కట్టను, చూడను. అందులో ఏ మాటా మరిచిపోలేదు. పైగా మా ఆయన హెబ్రోను గారు సంఘ పెద్దల్లో ఒకరు. నెలనెలా ప్రభు బల్ల దగ్గర రొట్టె పళ్లెం పట్టుకుని అందరికీ అందించేది ఆయనే.

"వేషం కాదమ్మా. ముఖం కనిపించదు, మాట లేదు. కుప్ప మీద నిలబడాల, అంతే. కొయ్యను నిలబెడితే గాలికి పడతా ఉంది."

కొయ్య చేసే పని అయితే వేషం ఎలా అవుతుంది?

ఫిబ్రవరి 21, శుక్రవారం

నిలబడ్డాను. అంతే.

నా నేత చీర మీదనే వెండి రంగు అంగీ తొడిగారు. ముసుగు కాగితపు గుజ్జుతో చేసింది, కళ్ల దగ్గర సన్నటి చీలికలు, లోపలంతా మైదా జిగురు వాసన. పెద్ద కుప్ప మీద నిలబెట్టారు. కెమెరాకు ఎర్రద్దం తగిలిస్తే ఆకాశం నల్లగా పడుతుందట. నట్టనడి ఎండలో నా వెనక రాత్రి.

ముసుగు లోపల నవ్వాను. ఎంత నవ్వినా బయటికి గ్రహమాత గంభీరంగానే ఉంటుంది. ఇంతకాలం ఇలాంటి సౌకర్యం ఒకటి ఉందని ఎవరూ చెప్పలేదు.

ఈయనకు చెప్పలేదు. చెప్పడానికి ఏముంది, నిలబడ్డానుగా.

ఫిబ్రవరి 22, శనివారం

ఈ రోజు నడిచాను. నడవడం నటన కాదు.

ఫిబ్రవరి 24, సోమవారం

అన్నం తింటూ ఈయన అన్నారు: "మద్రాసు నుంచి ఎవురో కొత్తామెను తెచ్చినట్టుండారే. ఏం నిలబడిందనుకున్నావు. రాణి మాదిరి."

నా చేతిలో గరిటె ఆగింది. మీరు చూశారా అని అడిగాను. ఆఫీసులో కిటికీ పక్కనే మేజా, కళ్లు మూసుకుని లెక్కలు రాయలేను గదా అన్నారు. పైగా గవర్నమెంటు ఉప్పు తొక్కేస్తారేమో కనిపెట్టడం తన డ్యూటీ అట.

ఎంత ఎత్తుంటుందని అడిగాను.

"నీ అంత ఉంటది. నడక మాత్రం వేరే. ఆమె నడస్తుంటే చూడబుద్దవతది."

రెండోసారి చారు పోయలేదు. గిన్నెలు తోముకుంటూ ఎవరి మీద కోపంగా ఉన్నానో తేల్చుకోలేకపోయాను. ఆమె మీదే అనుకుంటాను.

ఫిబ్రవరి 26, బుధవారం

ఈ రోజు మాట్లాడాను. అయితే అది ఏ భాషా కాదు.

గ్రహమాత భూమి మనుషులను హెచ్చరించాలట. వాళ్ల లోకపు భాషలో ఏదైనా సరే, లండన్‌వాళ్లకు అర్థం కాకపోతే చాలు, గట్టిగా, ఆపకుండా పలకమన్నాడు దొర. కెమెరా తిరిగింది. ఒక్క మాట తోచలేదు. బైబిలు వాక్యం చెబుదామంటే దైవదూషణ అవుతుందేమోనని భయం. సమయానికి నోటికి వచ్చింది పొద్దున చాకలికి వేసిన గుడ్డల పద్దు. చెయ్యెత్తి మొదలుపెట్టాను. పంచెలు నాలుగు, దుప్పట్లు రెండు, లోపలి బనీన్లు ఆరు, తలగడ గలేబులు నాలుగు, వాటిలో ఒకటి చినిగింది, జాగ్రత్త.

'జాగ్రత్త' దగ్గర భూమి మనుషులు నిజంగానే వెనక్కి తగ్గారు. దొర వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. ఆ భాషలో గొప్ప దుఃఖం ఉందన్నాడని పద్మనాభయ్య చెప్పాడు. చెబుతూ ఆయన మెడ తిప్పేసుకున్నాడు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

నిజంగానే ఉంది. ఆ గలేబు కొత్తది.

మార్చి 1, ఆదివారం

ప్రభు బల్ల తీసుకున్నాను. ఈయనే పళ్లెం చాచారు. ఈయన ముఖం వైపు చూడకుండా రొట్టె తీసుకున్నాను.

ఆరాధన అయ్యాక సమాధానం గారు లేచారు. రిటైరైన బడిపంతులు, సంఘ పెద్దల్లో అందరికంటే పాతవారు, ఎప్పుడో వదిలేసిన బెత్తం ఇంకా చేతిలో ఉన్నట్టే నిలబడతారు. మన సంఘంలోని కూలీలు కొటారులో వేషాలు కడుతున్నారు, దీని సంగతి తేల్చాలన్నారు. రేపు పెద్దల కమిటీ. నా పేరు ఎవరూ అనలేదు. ఎవరికీ తెలియదు. తెలియడానికి నేనేమీ చేయలేదు కూడా.

మార్చి 2, సోమవారం

కమిటీ నుంచి వచ్చి ఈయన కాళ్లు కడుక్కోకుండానే అంతా చెప్పారు.

టెలివిజన్ అంటే సినిమానా, రేడియోనా అన్నది ప్రశ్న. సినిమా తప్పు, రేడియో తప్పు కాదు, మా పాస్టరు క్రీస్తురాజు అయ్యగారింట్లోనే రేడియో ఉంది. సమాధానం గారు టిక్కెట్టుంటుందా అని అడిగారట. లేదన్నారు. చీకట్లో కూర్చుంటారా అని అడిగారట. లేదు, దీపం పెట్టుకునే చూస్తారన్నారు. అయితే అది రేడియోకు చెందుతుందని అయ్యగారు అన్నారట.

"టిక్కెట్టు లేకుండా ఇంట్లోకే వచ్చి కూర్చుంటే ఇంకా ప్రమాదం గదా" అన్నారట సమాధానం గారు.

చివరికి ఈయనే ఒక దారి చెప్పారట. ముఖం చూపించి ఇంకొకరినని చెప్పుకుంటే వేషం. ముఖం కనిపించకపోతే కూలిపని. రాయి మోసినా ఒకటే, ముసుగు మోసినా ఒకటే. అందరూ ఒప్పుకున్నారు. ముఖం చూపినవాళ్లను మాత్రం మూడు నెలలు ప్రభు బల్లకు దూరం పెడతారు, రొట్టె ఇవ్వరు, గుడిలో అందరి వెనక వేసిన బల్లమీద కూర్చోవాలి.

కూలిపని అని పెద్దలే తీర్మానించారు. నేను మొదటి నుంచీ అనుకుంటున్నదే.

రాత్రి అన్నంలోకి అప్పడాలు వేయించాను.

మార్చి 5, గురువారం

దొర కథ మార్చాడు. ఆఖరి వారం గ్రహమాత ముసుగు తీసేస్తుందట.

భూమి మనుషులు ఆ లోకాన్ని తగలబెట్టడానికి వస్తారు. ఎదురుగా ఆమె ఒక్కతే నిలబడి ముసుగు తీస్తుంది. లోపల ఉన్నది మామూలు ముఖం, వాళ్ల ఇళ్లల్లో ఉండే ఆడవాళ్ల ముఖం లాంటిదే. అది చూసి వాళ్లు ఆయుధాలు దించేస్తారు. తీయకపోతే కథే లేదట. మద్రాసు నుంచి ఇంకెవరినైనా తెచ్చేవాళ్లమే గాని మీ ముఖమే కావాలంటున్నాడు దొర అని పద్మనాభయ్య చెప్పాడు. మంగళవారం దాకా గడువు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను ముసుగు పక్కన పెట్టి చెమట తుడుచుకుంటుంటే దొర చూశాడట.

నాకు ఇష్టం లేదు.

మార్చి 6, శుక్రవారం

నాకు ఇష్టం లేదు. కుంకుడుకాయలు నానబోశాను. తల అంటుకుని చాలా రోజులైంది, అందుకు.

మార్చి 7, శనివారం

అద్దం తుడిచాను. నలభై ఆరేళ్ల ముఖం. ఎడమ చెంప మీద పొక్కు మచ్చ. అమ్మాయి నెల్లూరులో నర్సు చదువుకు పోయాక ఈ ముఖాన్ని చూసి ఎవరైనా ఏమన్నా అన్నారా అని ఆలోచించాను. ఉప్పు తక్కువైందంటారు, తాళం చెవి ఎక్కడంటారు, నా ముఖం వైపు చూసే అంటారు.

ఈస్టరు నెలాఖరున. నాకు ఊహ తెలిశాక ప్రభు బల్ల లేని ఈస్టరు లేదు. పళ్లెం పట్టుకుని ఈయన నన్ను దాటి పక్కామె దగ్గరికి పోవడం ఎలా ఉంటుందో కళ్లు మూసుకుని చూశాను. చూడలేకపోయాను.

పద్మనాభయ్యకు కుదరదని చెప్పాలి.

మార్చి 9, సోమవారం

చెప్పలేదు. ఈయనకు చెప్పాను.

పొద్దున కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, ఆ కొత్తామె నేనే అన్నాను. ఈయన కాఫీ తాగడం మానలేదు.

"తెలుసు."

ఎప్పటి నుంచి అని అడిగాను.

"మొదటిరోజే. ఇన్నేళ్లు నా ముందర నడిచిన నడక నాకు తెలీదా? నువ్వు మాట్లాడిన బుధవారం నాడు ఇంకా బాగా తెలిసింది. చాకలికి వేసింది పంచెలు అయిదు. నువ్వు లోకానికంతా నాలుగని చెప్పినావు."

నడక వేరే అన్నారే మరి అన్నాను. నీ ముఖం ఎట్లా పెడతావో చూద్దామని అన్నారట. కమిటీలో కూలిపని వాదం ఎందుకు తెచ్చారో అప్పుడు అర్థమైంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి పొలమారింది. నీళ్లు ఈయనే ఇచ్చారు. ముసుగు తీయమంటున్నారని అప్పుడు చెప్పాను.

ఈయన కాఫీ గ్లాసు అడుగు చూస్తూ కూర్చున్నారు.

"నాకు తెలిసిన వాదం ఒకటే. అది అయిపాయె. ముఖం కనబడితే నా దగ్గర ఇంకో మాట లేదే. పళ్లెం పట్టుకోని నిన్ను దాటి పోవాల."

"తియ్యొద్దంటారా?"

"నేను అననే." లేచి చొక్కా వేసుకున్నారు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగారు. "ఏ పక్కకు తిరిగి తియ్యమన్నారు?"

"ఆఫీసు పక్కకు."

"అయితే బాగా కనిపిస్తది" అని వెళ్లిపోయారు.

మార్చి 10, మంగళవారం

తీశాను.

గంభీరంగా, దయగా చూడమని దొర నేర్పించాడు. పొద్దుటి నుంచి అద్దంలో దయగా చూడడం సాధన చేశాను. కుప్ప ఎక్కాను. భూమి మనుషులు ఆయుధాలు గురిపెట్టారు. వాళ్ల వెనక కూలీలు, వెండి బర్రె, దాని తాడు పట్టుకుని మస్తానమ్మ, ఇంకా వెనక ఊరు ఊరంతా. ఆఫీసు కిటికీ రెండు రెక్కలూ తెరిచి ఉన్నాయి.

ముసుగు ఎత్తగానే చెమట ముఖానికి సముద్రపు గాలి తగిలింది. అంతే, దయ ఎక్కడికి పోయిందో పోయింది. నవ్వేశాను. పళ్లు కనిపించేట్టు, చిన్నపిల్లలా, ఆపుకోలేక. అయిపోయింది, చెడగొట్టాను అనుకున్నాను. కెమెరా ఆగలేదు. భూమి మనుషుల్లో పెద్దవాడు నన్ను చూసి తనూ నవ్వి ఆయుధం కింద పెట్టాడు. అతనికి అలా చేయమని ఎవరూ చెప్పలేదట.

కుప్ప దిగుతుంటే మస్తానమ్మ బర్రెను వదిలేసి ఎదురొచ్చింది.

"అక్కా, నువ్వు ఇట్లా ఉంటావని నాకు తెలీనే తెలీదే" అంది. దినమూ రెండు పూటలా పాలు పోసే మనిషి.

మార్చి 12, గురువారం

లారీలు పోయాయి. విమానాన్ని విప్పి చెక్కలు కట్టలు కట్టారు. బర్రెను కిరసనాయిలు గుడ్డతో తుడిచారు గాని చెవుల వెనక ఇంకా వెండి ఉంది. వచ్చే చలికాలంలో లండన్‌లో ఇంటింటా కనిపిస్తానట. ఇక్కడ ఎవరమూ చూడబోము. పద్మనాభయ్య గొడుగు మా వరండాలో మరిచిపోయాడు.

కిటికీ తీస్తే ఉప్పుకుప్పలు. ఉత్త ఉప్పుకుప్పలు. అయినా రెండుసార్లు తీశాను.

మార్చి 15, ఆదివారం

సాయంత్రం అయ్యగారు, సమాధానం గారు ఇంటికి వచ్చారు. అయ్యగారు కుర్చీ అంచున కూర్చున్నారు, కాఫీ వద్దనలేదు. సమాధానం గారు వద్దన్నారు. ఈయన గోడకు ఆనుకుని నిలబడ్డారు.

ఒక్క మాట చాలునని అయ్యగారు మెత్తగా చెప్పారు. వచ్చే ఆదివారం సంఘం ముందు లేచి, తప్పు చేశాను, దుఃఖపడుతున్నాను అంటే ఈస్టరుకు బల్ల తీసుకోవచ్చు. ఇంకెవరూ ఏమీ అడగరు.

అనేయాలనుకున్నాను. నిజంగా. నోరు తెరిచాను కూడా.

"ప్రమాణం తప్పినాను, అది ఒప్పుకుంటానయ్యగారూ. దుఃఖపడతా ఉండానని దేవుని ముందర ఎట్లా చెప్పేది? తల్చుకుంటే నవ్వొస్తా ఉంది. అబద్ధం చెప్పి రొట్టె తినలేను."

అయ్యగారు కాఫీ గ్లాసు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. సమాధానం గారు మూడు నెలలు అన్నారు. ఆ మాట గట్టిగా అనలేదు. ఆయనకూ బాధగానే ఉన్నట్టుంది.

ఈయన రాత్రి పడుకునే ముందు సంఘ నిబంధనల పుస్తకం తీసి, దీపం దగ్గర చాలాసేపు చదువుకున్నారు.

మార్చి 28, శనివారం

రేపు ఈస్టరు. ఈయన తెల్ల పంచె, లాల్చీ ఇస్త్రీ చేశాను. పళ్లెం పట్టుకునేటప్పుడు మడత నలగకూడదు. నా తెల్లచీర కూడా చేశాను. వెనక కూర్చున్నా ఈస్టరు ఈస్టరే.

నాకు బాధ లేదు. రెండుసార్లు ఇస్త్రీ పెట్టె ఆరిపోయింది.

మార్చి 29, ఈస్టరు

గుడి నిండిపోయింది. నేను ముందుగా పోయి ద్వారం పక్కన వెనక బల్లమీద కూర్చున్నాను. అది మగవాళ్ల వైపు చాపలకూ ఆడవాళ్ల వైపు చాపలకూ మధ్యన గోడకు వేసి ఉంటుంది, ఎప్పుడూ ఖాళీయే. ఒక్కదాన్నే అంత పెద్ద బల్లమీద. అందరి వీపులూ కనిపించాయి. పాటలు పాడాం. గొంతు బాగానే పలికింది.

ప్రభు బల్ల వేళకు ఈయన ముందుకు పోయి పళ్లెం తీసుకున్నారు. నేను తల వంచుకున్నాను, దాటిపోవడం చూడకుండా ఉంటే సరిపోతుందని. ఎంతసేపటికీ అడుగుల చప్పుడు లేదు. తలెత్తితే ఈయన ఇంకా అయ్యగారి ఎదుటనే నిలబడి ఉన్నారు.

"అయ్యగారూ, వేషం కట్టను అని ఒక్కటే గాదు, చూడను అని గూడా ఉంది గదా మన ప్రమాణంలో. నేను దినమూ చూసినాను. కిటికీ తెరుచుకోని మరీ చూసినాను. నాకూ దుఃఖం రాలేదు."

పళ్లెం తీసుకుపోయి సమాధానం గారి చేతుల్లో పెట్టారు. ఆ పెద్దాయన దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఈయన ఇస్త్రీ మడత నలగకుండా పంచె పట్టుకుని, మగవాళ్లనూ ఆడవాళ్లనూ దాటి, గుడి పొడవునా నడిచి వచ్చి నా పక్కన కూర్చున్నారు.

పెళ్లినాడు ఆ గుడిలో పక్కపక్కన నిలబడ్డాం. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఒక్క ఆదివారమూ అలా కూర్చోలేదు. ఆయన ముందు వరసలో, నేను ఆడవాళ్ల చాప మీద. వెనక బల్లకు మాత్రం ఆ వైపూ ఈ వైపూ లేవు. భుజానికి భుజం తగిలింది. ఈయన తన పాటల పుస్తకం ముందు వరసలోనే వదిలేసి వచ్చారు, నాదే ఇద్దరమూ పట్టుకున్నాం. ఈయన ఇంత అపశ్రుతిలో పాడతారని నాకు ఇన్నాళ్లూ తెలియదు. మూడో చరణంలో నవ్వు ఆపుకోలేక పుస్తకంలో ముఖం దాచుకున్నాను. ఈయన మోచేత్తో పొడిచారు. ఆయనా నవ్వుతున్నారు.

ఈ రోజు నుంచి మూడు నెలలంటే జూన్ నెలాఖరు. ద్వారం దగ్గర ఎండ పడుతుంది. వచ్చే ఆదివారం విసనకర్ర తీసుకుపోవాలి. ఇద్దరికీ ఒకటి చాలు.